పత్తిమిల్లులో నీలం అంగి

వెళ్లొచ్చి వారం దాటింది. నా సంచి దులిపినప్పుడల్లా ఇంకా దూది రాలుతూనే ఉంది. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి "ఎక్కడికెళ్లావే, పరుపుల కొట్టుకా?" అని నవ్వింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తిరిగొచ్చానంటే "అక్కడేముంది చూడ్డానికి?" అంది. ఆ మాట విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, ఆగలేను. నాకు ఉద్యోగం వచ్చింది! మా ఇంట్లోనే కాదు, మా ఇంటిపేరు ఉన్నవాళ్లందరిలోనూ డిగ్రీ పట్టా చేత పట్టుకున్న మొదటి మనిషిని నేనే. డిగ్రీ తర్వాత, కార్ఖానాల్లో ప్రమాదాలు జరగకుండా చూసే చదువు ఇంకో ఏడాది చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. మిల్లులకు వెళ్లి, తిరిగే మిషన్ల దగ్గర ఎలా మెలగాలో పనివాళ్లకు చెప్పి రావడం మా పని. మొట్టమొదటి ప్రయాణమే మా పాలమూరు వైపు వేశారు. పసుపు హెల్మెట్, మెరిసే పట్టీల జాకెట్, మెడలో నా ఫోటో ఉన్న కార్డు. ఆ కార్డు తీయకుండానే ఒక రాత్రి నిద్రపోయానని మాత్రం ఎవరికీ చెప్పకండి.

గద్వాల: ఉగ్గాని, ఆ తర్వాత ఉపన్యాసం

మా నాగర్‌కర్నూల్‌లో పొద్దున్నే హోటల్‌కి పోతే ఇడ్లీయో పూరీయో అడుగుతాం. గద్వాలలో అడగక్కర్లేదు, ఉగ్గాని వచ్చేస్తుంది. నానబెట్టిన బొరుగులకు పసుపు, ఉల్లిపాయ, పుట్నాల పొడి పట్టించి, పక్కన పొగలు కక్కే మిరపకాయ బజ్జీ. కర్ణాటక సరిహద్దు పక్కనే కదా, హోటలాయన నాతో తెలుగులో మాట్లాడుతూ, రాయచూరు లారీ డ్రైవర్ రాగానే "ఊట ఆయ్తా?" అని కన్నడంలో పలకరించాడు. తిన్నావా అని అడగడం. బజ్జీ కారానికి నా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఆయన నా హెల్మెట్ వంక చూసి, "నోటికి గూడ ఒకటి తెచ్చుకోకపోయినవ్ మేడమ్" అన్నాడు.

పత్తిమిల్లు ఊరి బయట ఉంది. రేకుల షెడ్డు కింద వరసగా మిషన్లు. ఆడవాళ్లు ఎత్తయిన చెక్క అరుగు మీద నిలబడి, పత్తిని చేతులతో రోలర్ల వైపు తోస్తుంటారు. దూది ఒకవైపు పోతుంది, గింజలు కింద పడతాయి. గాలినిండా నూగు. అరుగు మీదున్న వాళ్లందరి చీరల మీదా మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కాలు. చొక్కాను మేం అంగి అంటాం. మా పాలమూరు ఆడవాళ్లు పొలంలోకి దిగినా, మిల్లుకెక్కినా, చీర మీద మొగుడి పాత అంగి వేసుకోవాల్సిందే. మా అమ్మా అంతే. సాయంత్రం ఆమె చేను నుంచి రాగానే నేను ఆ అంగి జేబులో చెయ్యి పెట్టేదాన్ని. పచ్చి పల్లికాయలు, రేగుపండ్లు, ఒక్కోసారి ఒక మక్కకంకి. నాన్న అంగికి అమ్మ చెమట వాసన. ఇన్నేళ్ల తర్వాత ఆ షెడ్డులో ఒక్కసారిగా ఆ వాసనే తగిలి, చెప్పాల్సిన మొదటి వాక్యం మరిచిపోయాను.

తేరుకుని మొదలుపెట్టాను. తిరిగే మిషన్ దగ్గర వేలాడే బట్ట ఎంత ప్రమాదమో, ఒక చిన్న రోలర్‌ను చేత్తో తిప్పుతూ, రుమాలు అంచు దానికి అందించి చూపించాను. రుమాలు సర్రున చుట్టుకుపోయింది. అందరూ "అయ్యో" అన్నారు. చప్పట్లు కొట్టారు కూడా! మేనేజర్ గారికి ఎంత నచ్చిందంటే, అక్కడికక్కడే లేచి ప్రకటించేశాడు.

"ఇన్నరా? సోమారం సంది ఎవ్వరు అంగి ఏస్కొని అరుగు ఎక్కొద్దు. ఏస్కుంటె పని లేదు."

నా మొదటి ఉపన్యాసానికే చట్టం వచ్చేసిందని నేను పొంగిపోతుండగా, అరుగు చివరి నుంచి ఒక గొంతు వచ్చింది.

"నేను అంగి ఇప్ప."

ఆమె పేరు బాలకిష్టమ్మ. నలభై అయిదు దాటి ఉంటాయి. నీలంరంగు గళ్ల అంగి. అది వేసుకున్న మనిషి పొడుగు చేతులవాడై ఉండాలి, చేతులు ఆమె వేళ్ల దాకా జారుతున్నాయి. ముంజేతి గుండీలు రెండూ లేవు. పైకి మడుస్తోంది, పత్తి తోయగానే మళ్లీ జారుతున్నాయి. రోలర్‌కీ ఆ జారిన అంచుకీ మధ్య జానెడు కూడా లేదు. నా రుమాలు గుర్తొచ్చింది.

"అందరికొక రూలు, నీకొక రూలా బాలకిష్టమ్మా?" అన్నాడు మేనేజర్.

"అంగి ఇప్పితె నేనెక్క సార్. ఏస్కుంటె మీరు ఎక్కనియ్యరు. అంతే గద? సోమారం చూద్దాం తియ్యి."

చాయ్ వేళకు ఆమె పక్కన కూర్చున్నాను. స్తంభానికి కొట్టిన ఒక మొలను చూపించింది.

"మా ఇంటాయన గీడనే బస్తాలు మోస్తుండె బిడ్డా. పోయినేడు జరమొచ్చి పోయిండు. దినాలనాడు మా వోళ్లు ఆయన బట్టలన్ని ఇచ్చేసిన్రు. ఇదొక్కటి గా మొలకు ఏలాడుతుండె, ఎవ్వరి కండ్ల పడలే. నేను పనిల చేరిననాడు చూసిన."

"ఇంటికి తీసుకుపోలేదా?"

"ఎందుకు? పొద్దుగాలొచ్చి ఏస్కుంట, పొద్దుమూకి మల్ల గాడనే తగిలేస్త. ఆయన గూడ గట్లనే చేస్తుండె."

పక్కనున్న లక్ష్మి అనే ఆమె నవ్వింది. "గింత పావురం మొగుడున్ననాడు లేకుండె. రోజు తిడుతుండె ఆయన్ని." పావురమంటే మా వైపు ప్రేమ.

"నీకింక మొగుడున్నడు గద, నీకేడ తెలుస్తది" అని బాలకిష్టమ్మ చాయ్ ఊదుకుంది.

చేతులు కత్తిరించి పొట్టిగా కుట్టిద్దామా అన్నాను. "కత్తెర మాట ఎత్తకు" అంది. ఇంకేదైనా పని చూసుకుంటే అన్నాను. మోకాలు చూపించింది. "ఇది వొంగది బిడ్డా. కలుపు తీయొస్తదా, నాటేయొస్తదా? నిలవడి చేసే పని గీ మిల్లొక్కటే."

ఇదీ నేను గద్వాలలో మొదటిరోజు చేసిన ఘనకార్యం. నా ఒక్క రూలు వల్ల ఒక మనిషికి సోమవారం నుంచి పని ఉండదు. రూలు వెనక్కి తీసుకుంటే ఆమె చెయ్యి ఉండకపోవచ్చు.

మగ్గాల వీధిలో

గద్వాల వెళ్లి మగ్గాలు చూడకుండా వస్తే అమ్మ ఇంట్లోకి రానివ్వదు. సాయంత్రం ఆ వీధికి వెళ్లాను. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తున్న ఒక పెద్దావిడ, "రా అమ్మా, లోపలికి రా" అని పిలిచింది. నూలు చీర, దానికి పట్టు అంచు, పట్టు కొంగు. మెడలో కార్డు చూసి ఏం ఉద్యోగమని అడిగింది. 

"కాళ్లు చేతులు పోకుండా చూసే ఉద్యోగం అమ్మా."

"దాక్టరువా?"

"కాదు, డాక్టర్ దాకా పోకుండా చూసేదాన్ని."

"గట్లాంటి ఉద్యోగం గూడ ఉంటదా!" అని ఆమె మగ్గం ఆపి మరీ నవ్వింది. అమ్మకు ఒక చీర కొందామని ధర అడిగాను. విని, "వచ్చేసారి తీసుకుంటాను" అన్నాను. "అందరు గదే మాట చెప్తరు" అని, నొచ్చుకోకుండా ఒక గ్లాసు మజ్జిగ చేతిలో పెట్టింది. మా ఊళ్లో కొనకుండా లేచిన వాళ్లకు మజ్జిగ ఇచ్చే దుకాణం ఒక్కటి కూడా లేదు.

కృష్ణ దాటి వనపర్తికి

మరునాడు బస్సు బీచుపల్లి వంతెన ఎక్కగానే నా పక్కనావిడ కిటికీలోంచి నదికి దండం పెట్టింది. నేనూ పెట్టాను. సరిగ్గా అప్పుడే డ్రైవర్ బ్రేకు వేశాడు. ఒళ్లో ఉన్న నా హెల్మెట్ జారి, బస్సంతా దొర్లుకుంటూ వెళ్లి ఇంజన్ దగ్గర ఆగింది. కండక్టర్ దాన్ని ఎత్తి పట్టుకుని, "ఎవరిదమ్మా ఇది? మా డ్రైవర్ మీద గింత కూడ నమ్మకం లేదా?" అన్నాడు. పెబ్బేరు వచ్చేదాకా బస్సంతా నవ్వుతూనే ఉంది.

వనపర్తిలో దిగగానే పల్లీల వాసన. యార్డులో కుప్పలు, రోడ్డు పక్కన ఉడకబెట్టిన కాయలు, బడి పిల్లల జేబుల్లో కాయలు. నేను వెళ్లింది పల్లికాయ ఒలిచే మిల్లుకి. అక్కడి సేటు నన్ను చూడగానే గర్వంగా చెప్పాడు. "మా దగ్గర అంగీలు ఎప్పుడో బంద్ చేసినం మేడమ్. చూడుండ్రి, అందరు చీరల మీదనే."

ఆయన మాట ముగియనేలేదు. ఒకామె గంపలోకి పొట్టు ఎత్తడానికి వంగింది. భుజం మీది కొంగు జారి, పక్కనే తిరుగుతున్న బెల్టు మీద పడింది. చూస్తుండగానే బిగుసుకుంది. ఆమె ఒక్కసారి ముందుకు తూలింది. వెనక ఉన్నామె నడుం పట్టుకుని గుంజింది, కొంగు పర్రున చిరిగింది, ఇద్దరూ పొట్టు కుప్ప మీద వెల్లకిలా పడ్డారు. ఎవరో మిషన్ ఆపారు. చిరిగిన ముక్క బెల్టుకి చుట్టుకుని ఉంది. ఆమె మెడ తడుముకుంటూ లేచి, "బతికిన తల్లీ" అంది. నేను పరుగెత్తి నీళ్లు తెచ్చిచ్చాను.

నీళ్లు తాగాక ఆమె చెప్పిన మాట ఇది. "అంగి ఉన్నప్పుడు కొంగు దాని లోపల ఉంటుండె మేడమ్. గుండీలు పెట్టుకుంటె యాడికి పోతది?"

నేను గద్వాలలో చేసిన పొరపాటు అప్పుడు కళ్లకు కట్టింది. తీయాల్సింది అంగిని కాదు, అంగి చేతుల్లో ఉన్న వదులును. ఆ అంగే లేకపోతే ఆరుగజాల చీరకు ఆపేదేముంది? ఆ పూట బెల్టుకి ఇనుప జాలీ బిగించేదాకా నేను కదల్లేదు. సేటు "రేపు పెట్టిస్త మేడమ్" అన్నాడు. "అయితే మిషన్ కూడా రేపే తిప్పండి" అన్నాను. నాకే ఆశ్చర్యం, ఇంత గట్టిగా మాట్లాడగలనని నాకు తెలియదు! జాలీ గంటలో వచ్చింది. 

గద్వాల మేనేజర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మేడమ్, మీరే గద చెప్పింది? నేను గోడ మీద పెద్దగ రాయించిన, అంగీలు నిషేధమని. పెయింట్ ఇంక ఆరలే."

"చేతులు బిగుతుగా ఉండేటట్లు చేసి చూపిస్తే?"

"సోమారం పొద్దుగాల చూపియ్యుండ్రి. నాకు నచ్చితె సరే, లేకుంటె వేరే మనిషిని చూసుకుంట."

నాగర్‌కర్నూల్: మా ఇల్లు

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి శనివారం మధ్యాహ్నం. పని సోమవారానికి ముందు లేదు కాబట్టి నేరుగా మా ఊరు పోయాను. అమ్మ ఇంట్లో లేదు, చివరి ఏరుడు పత్తికి పోయిందన్నారు. చేను గట్టు మీద నిలబడి చూస్తే, వరసలో నాలుగో మనిషి అమ్మ. నాన్న పాత తెల్ల అంగి. మోచేతుల నుంచి మణికట్టు దాకా తెల్లగా ఏవో తొడుక్కుంది. దగ్గరికి పోతే, పైన రెండు నీలం చారలు. మా గురుకులం సాక్సులు!

"అమ్మా, ఇవి నావేనా?"

"నీవి గాకపోతే కలెక్టరువా? పదో తరగతిల ఇడిసినవి. పారేస్తనా?" అంది అమ్మ. "వేళ్ల కాడ కోసిన. పత్తికాయ గీరకుండ ఉండాలంటే ఇదే మంచిగుంటది."

నేను ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. అంగి చెయ్యి మొత్తం సాక్సు లోపల అణిగి ఉంది. చిటికెడు గుడ్డ పట్టుకుందామని ప్రయత్నించాను, దొరకలేదు. మళ్లీ గిల్లాను.

"ఏంది బిడ్డా, ఉద్యోగం ఒస్తె అమ్మను గిల్లమన్నరా?"

ఆ సాక్సులు ఉతికి, బడి బస్తా పక్కన ఆరేసిన ఆదివారాలు గుర్తొచ్చాయి. హాస్టల్‌కి తిరిగి వెళ్లే ముందు అవి ఆరకపోతే అమ్మ పొయ్యి మీది పెనానికి దగ్గరగా పట్టుకుని ఆరబెట్టేది. వాటికి పొగ వాసన ఉండేది, నేను సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఆ వాసన ఎక్కడ కొందామన్నా దొరకదు.

ఇంటికొచ్చాక జొన్నరొట్టె, పుంటికూర పప్పు. హైదరాబాద్‌లో పుంటికూరని గోంగూర అంటారు, రుచి కూడా పేరుతోపాటే మారిపోతుంది. నాన్న సంగతంతా విన్నాడు. ఆయన రైస్‌మిల్లులో హమాలీ, బస్తాలు మోసి మోసి ఇప్పుడు మానేశాడు. ఎడమచేతి మధ్యవేలు రెండు కణుపులు లేవు, నా చిన్నప్పుడే బెల్టులో పోయింది. బజారుకు పోయినప్పుడు నేను ఆ వేలే పట్టుకునేదాన్ని. నా గుప్పిటికి సరిగ్గా సరిపోయేది. నాన్నలందరికీ పిల్లల కోసం ఒక పొట్టి వేలు ఉంటుందని చాలా ఏళ్లు అనుకున్నాను.

"ఇప్పుడొచ్చినవ్ బిడ్డ, వేలు పోయినంక" అని నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం నవ్వలేదు, రొట్టె తిప్పడానికి అటు తిరిగింది.

అమ్మ సాక్సులే అడుగుదామనుకున్నాను. "పరాయి మనిషికి పాతవి ఇస్తవా? కొత్తవి కొను" అని కసిరింది. ఆదివారం నాగర్‌కర్నూల్ బజారులో పొడుగు సాక్సులు అడిగితే దుకాణదారు "పాప ఏ క్లాసు మేడమ్?" అన్నాడు. "క్లాసు లేదు, గద్వాలలో పత్తిమిల్లు" అన్నాను. అతను ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడుగు జత తీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి అమ్మే వేళ్ల దగ్గర కత్తిరించింది, అంచుల పోగులు ఊడకుండా సూదితో చుట్టుకుట్టు వేసింది. 

హైదరాబాద్‌లో మాకు పాఠం చెప్పిన సార్‌కి ఫోన్ చేసి అడిగాను. "ఎక్కడా చిటికెడు గుడ్డ చేతికి దొరక్కపోతే పరవాలేదు" అన్నారు. "కానీ సాక్సు చెయ్యిని కాపాడదమ్మా. పత్తి ఇరికినప్పుడు మిషన్ ఆపకుండా చెయ్యి పెడితే ఏ బట్టైనా ఒకటే. ముందు అది నేర్పించు."

మళ్లీ గద్వాల

సోమవారం పొద్దున్నే మిల్లుకి వెళ్లాను. గోడ మీద ఎర్ర అక్షరాలు నా ఎత్తున ఉన్నాయి: అంగీలు నిషేధం. మిగతావాళ్లంతా అంగీలు ఇంట్లో వదిలి, కొంగులు నడుముకు దోపుకుని వచ్చారు. బాలకిష్టమ్మ నీలం అంగి వేసుకునే నిలబడి ఉంది, అరుగు కింద. ఆమె చోటులో నిలబెట్టడానికి మేనేజర్ పిలిపించిన కొత్త మనిషి కూడా వచ్చి, పక్కన కూర్చుని ఉంది.

సాక్సులు తీసి చూపించాను. లక్ష్మి పడీపడీ నవ్వింది. "ఓ బాలకిష్టమ్మ, బడికి పంపుతున్నరే నిన్ను!"

"పోత తియ్యి, నువ్వు టిఫిన్ డబ్బ పట్టుకొని రా" అంది బాలకిష్టమ్మ. నా వైపు తిరిగి మెల్లగా, "కత్తెర ఏమన్న పెడుతవా?" అంది.

"సాక్సులకు పెట్టేశాం. అంగికి ఏమీ లేదు."

కొంగు అంగి లోపలికి పెట్టి, గుండీలన్నీ పెట్టించాను. అంగి అంచు నడుం దగ్గర దోపించాను. రెండు చేతులకూ సాక్సులు మోచేతి పైదాకా లాగాను. వేలాడే చేతులు మాయమయ్యాయి. మేనేజర్ కళ్లద్దాలు సర్దుకుని వచ్చి, ముంజేయి దగ్గర గుడ్డ పట్టుకుందామని చూశాడు. దొరకలేదు. మోచేతి దగ్గర చూశాడు. నడుం దగ్గర అంగి అంచును లక్ష్మితో లాగించి చూశాడు. 

"అంగి అయితె ఓకే" అన్నాడు చివరికి. "కాని మేడమ్, ఈమెకు ఆగే అలవాటు లేదు. పత్తి ఇరికితె చెయ్యి పెట్టి గుంజుతది. నేనెన్నిసార్లు చూసిన. ఒక్కసారి చెయ్యి పెట్టిందంటె అప్పుడే దింపేస్త."

ఆయన అన్నది నిజమే. అరుగు అవతలి చివర ఎర్ర బటన్ ఉంది, అది నొక్కితే ఆ వరస మొత్తం ఆగిపోతుంది. కానీ వరస ఆగితే అందరి పనీ ఆగుతుంది, అందరూ తలతిప్పి చూస్తారు. అందుకే ఎవరూ దాని జోలికి పోరు. నేను దాని దగ్గర నిలబడి అందరితో ఒక్కొక్కసారి నొక్కించాను. బాలకిష్టమ్మ నొక్కి, పొయ్యి ముట్టుకున్నట్టు వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

మిషన్లు మొదలయ్యాయి. ఆమె అరుగెక్కింది. నేను కింద నిలబడి ఆమె చేతుల్నే చూస్తున్నాను. మేనేజర్ తన గది కిటికీలోంచి చూస్తున్నాడు. కొత్త మనిషి ఇంకా వెళ్లలేదు. పత్తి తోస్తోంది, తోస్తోంది. కొంతసేపటికి తడిసిన ముద్ద ఒకటి వచ్చి రోలర్ అంచున ఇరికింది. బాలకిష్టమ్మ చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది.

ఆగింది. గాలిలోనే, పత్తికి బెత్తెడు దూరంలో.

ఆ చెయ్యి వెనక్కి వచ్చింది. ఆమె వొంగని కాలు ఈడ్చుకుంటూ, వరసలో ఉన్న అందరి వెనకనుంచీ నడిచి, అరుగు అవతలి చివరికి పోయి ఎర్ర బటన్ నొక్కింది. ఆ వరస నిలిచిపోయింది. షెడ్డులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఉండదేమో, పైన రేకుల మీద పిచ్చుకల నడక వినిపించింది.

మేనేజర్ బయటికి పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు బంద్ చేసిన్రు? కరెంట్ పోయిందా?"

"నేనే చేసిన సార్" అంది బాలకిష్టమ్మ. "పత్తి ఇరికింది."

అందరూ ఆయన ముఖం వంకే చూస్తున్నారు. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, గోడ మీది ఎర్ర అక్షరాలను చూశాడు. 

"ఇరికితె తియ్యి మరి, నన్ను చూస్తె వస్తదా?" అన్నాడు. తర్వాత పక్కనున్న మనిషితో, "పెయింటరును పిలువు. అంగీలు అన్నదాని ముందట వదులు అని రాయమను" అని చెప్పి, కొత్తగా వచ్చినామెను గింజల గది వైపు పనికి తీసుకుపోయాడు.

బాలకిష్టమ్మ తన చోటికి తిరిగొచ్చి, ఆగి ఉన్న రోలర్ల మధ్య నుంచి ముద్దను నింపాదిగా పీకేసింది. చేతులు దులుపుకుంది. మళ్లీ తిప్పొచ్చని చెప్పడానికి, నేను నేర్పించినట్టే, కుడిచెయ్యి అందరికీ కనపడేలా పైకెత్తింది. నీలం గళ్ల చెయ్యి, దాని మీద తెల్ల సాక్సు, పైన అయిదు వేళ్లు.

"ఇడువుండ్రి!" అని అరిచింది.